ఐరోపావారి నాయకత్వము

బ్రెజిలు దేశమున, అమెజాను నదీముఖమునకు చేరువనున్న బెలెం నగరములో 2025 నవంబరు 10వ తేదీ మొదలు 22వ తేదీవరకు ప్రపంచ వాతావరణ మహాసభ జరిగిన సంగతి మా పాఠకులెరిగినదే. ఆ సభ చేసిన తీర్మానములకంటె, సభాంతమున కనబడిన యొక స్థితి మా మనస్సు నెక్కువగా ఆకర్షించినది. ముప్పదియేండ్లుగా ఈ విషయమున ప్రపంచమునకు తామే మార్గదర్శకులమని చెప్పుకొనుచు, చాలవరకు అట్లే నడచుకొనుచు వచ్చిన ఐరోపా సమాఖ్యవారు, కడపటి బేరమునాటికి దాదాపు ఒంటరివారై నిలిచిరి. బొగ్గు, చమురు, సహజవాయువులను క్రమక్రమముగా విడిచిపెట్టు మార్గమును తీర్మానములో వ్రాయవలెనని వారు పట్టుబట్టిరి. ఎనుబదికి పైగా దేశములు ఆ యూహను మొదట బలపరచినవి. కాని తెల్లవారుజాము బేరములలో సమాఖ్యవెంట గట్టిగా నిలిచినవారు కొలదిమందియే. తుదకు తీర్మానములో ఆ ఇంధనముల పేరైనను లేకుండ పోయినది. సమాఖ్యవారు దానికే తలయూపి యింటికి వెడలిరి.

ఐరోపావారి గెలుపోటములతో తెలుగువారికేమి పనియని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ సభ ప్రారంభమగుటకు పదుమూడు దినములముందు, అక్టోబరు 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురమునకు చేరువను మన తీరమును దాటినది. కోతకు దగ్గరపడిన వరిచేలు నీట మునిగినవి. 1977 నాటి దివిసీమ యుప్పెనను, 2014లో విశాఖపట్టణమును ఊపివేసిన హుద్‌హుద్‌ను మనవారింకను మరచిపోలేదు. ఏ యొక్క తుపానును చూపియైనను ఇది కేవలము భూతాపమువలననే వచ్చినదనుట శాస్త్రసమ్మతము కాదు; మేమును అట్లనము. కాని సముద్రము వేడెక్కినకొలది తుపానులకు బలము చేకూరుననియు, వేడెక్కిన గాలి యెక్కువ నీటిని మోయుననియు, సముద్రమట్టము పెరిగినకొలది ఉప్పెన మరింత లోపలికి వచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ వేడిని ఆపుటకు ప్రపంచమంతయు కలిసి వ్రాసికొన్న ఒడంబడిక యొక్కటియే యున్నది. దానిని నిలబెట్టుచు వచ్చిన స్తంభములలో ఐరోపా సమాఖ్య యొకటి. ఆ స్తంభము బీటవారుచుండగా దివిసీమ రైతునకు, ఉప్పాడ జాలరికి దానితో సంబంధము లేదని యెవ్వరనగలరు?

ఈ నాయకత్వ మెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, ఎందుచేత సడలినది యని మొదటినుండి విచారించుట అవసరము. కారణము తెలియక తీర్పు చెప్పరాదు గదా!

1992లో రియో నగరమున వాతావరణ ఒడంబడికపై దేశములు చేవ్రాళ్లు చేసినప్పుడు ఐరోపా సమాజమున పండ్రెండు దేశములుండెను. బొగ్గుపులుసు వాయువుపైనను ఇంధనముపైనను పన్ను వేసి తామే ముందు దారి చూపవలెనని ఆ సమాజపు కార్యవర్గము ఆనాడు తలపెట్టినది. కాని సభ్యదేశములు దాని కంగీకరింపలేదు. పర్యావరణ శాఖ చూచుచుండిన ఇటలీ దేశీయుడు కార్లో రిపా ది మేనా, చేతిలో ఏమియులేక రియోకు పోవుటకంటె పోకుండుటయే మేలని సభకే వెళ్లలేదు. నాయకత్వపు కోరిక ఆనాటికే కలదు. ఇంటిలో ఐకమత్యము లేదు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పిన మాట ఈ చరిత్రయందు అడుగడుగున నిజమగుచు వచ్చినది.

ఆ పాఠమును వారు త్వరలోనే నేర్చికొనిరి. భూతాపము 2 డిగ్రీలు మించరాదను లక్ష్యమును 1996లోనే ప్రకటించిరి. 1997లో క్యోటో సభకు పోవుటకు ముందు, అప్పటికి పదునైదు దేశములైన సమాఖ్య తనలో తాను భారమును పంచుకొన్నది. ఎవరి శక్తినిబట్టి వారు మోయవలెనను న్యాయమది. తుది పంపకములో జర్మనీ నూటికి 21 పాళ్లు తగ్గింపవలెను. బ్రిటను పన్నెండున్నర తగ్గింపవలెను. బీదదైన పోర్చుగలు నూటికి 27 పాళ్లు పెంచుకొనవచ్చును. గ్రీసు 25 పెంచుకొనవచ్చును. క్యోటోలో సమాఖ్యవారు నూటికి 15 పాళ్లు తగ్గింపవలెనని అడిగి, తుదకు తమకు 8, అమెరికాకు 7, జపానుకు 6 పాళ్లను లెక్కకు సమ్మతించిరి. ఉన్నవాడెక్కువ మోయవలెను, లేనివాడు ఎదుగవలెను అను సూత్రమును తమ యింటిలో అమలుపరచినవారు గనుకనే, బయట ఆ మాట చెప్పుటకు వారికి నోరు వచ్చినది.

2001 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బుష్షు క్యోటో ఒప్పందమును త్రోసిపుచ్చెను. అంతటితో అది చచ్చినదనియే చాలమంది తలచిరి. ఒప్పందములోని షరతు సామాన్యమైనది కాదు: 55 దేశములు ఆమోదింపవలెను, అందు చేరిన ధనికదేశములు 1990 నాటి ధనికదేశముల మొత్తము వాయువులో నూటికి 55 పాళ్లకు బాధ్యులై యుండవలెను. ఆ మొత్తములో అమెరికా వాటాయే 36 పాళ్లు. అది తప్పుకొన్నచో 17 పాళ్లుగల రష్యా చేరినగాని లెక్క కుదరదు. అప్పుడు సమాఖ్యవారు చేసిన పని మెచ్చదగినది. వారి దూతలు వాషింగ్టను, మాస్కో, టోక్యోలు తిరిగిరి. బాన్ నగరములోను మర్రకేషులోను జపానుకు, కెనడాకు, రష్యాకు కావలసిన సడలింపు లిచ్చి వారిని నిలబెట్టుకొనిరి. 2002 మే 31న తాము ఆమోదించిరి. ప్రపంచ వాణిజ్యసంస్థలో రష్యా ప్రవేశమునకు 2004లో ఒప్పుకొని, ఆ దేశపు ఆమోదమును రాబట్టిరి. 2005 ఫిబ్రవరి 16న క్యోటో ఒప్పందము అమలులోనికి వచ్చినది. అమెరికా లేకుండ ఒక ప్రపంచ శాసనము నిలుచునని అంతవరకు నమ్మినవారు తక్కువ. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీననే, కర్మాగారములు వదలు వాయువునకు పరిమితి విధించి, అనుమతిపత్రములను కొనుటకు అమ్ముటకు ఐరోపాలో సంతను తెరచిరి.

మన యూళ్లలో పూర్వము కుడిమరామతు అను ఆచారముండెడిది. చెరువుకట్ట తెగినచో ఊరివారందరు తట్టలు పట్టుకొని పోయి మన్ను వేయవలెను. పెద్దరైతు తన జీతగాండ్రను, ఎడ్లబండిని ముందు పంపినచో చిన్నరైతు లందరు వెనుక నడచుదురు. అతడు అరుగుమీద కూర్చుండి ఎవరెవరు రాలేదో లెక్క వ్రాసినచో ఒక్కడును కదలడు. 2001 మొదలు 2005 వరకు ఐరోపా సమాఖ్య తట్ట పట్టుకొన్న పెద్దరైతు.

అయినను మేము కన్నులు మూసికొని పొగడువారము కాము. సమాఖ్య ఒప్పుకొన్న 8 పాళ్లకంటె ఎక్కువగానే తగ్గించినమాట నిజము. 2023 నాటికి 1990 కంటె నూటికి 37 పాళ్లు తగ్గించినదనుటయు నిజమే. కాని అందులో కొంతభాగము తూర్పు జర్మనీలోని పాతకాలపు కర్మాగారములు మూతపడుటచే వచ్చినది. మరికొంత బ్రిటనువారు తమ కారణములచేత బొగ్గు విడిచి సహజవాయువు పట్టుటచే వచ్చినది. తాము వాడుకొను వస్తువులలో ననేకము చీనాలోను, ఇతర దేశములలోను తయారగుచుండగా, ఆ పొగ అక్కడివారి ఖాతాలో పడుచున్నదనుటయు మరువరాదు. ఇన్ని తగ్గింపులు వేసిన పిమ్మటను, ధనికదేశములలో ఇచ్చిన మాటను ఇంతగా నిలుపుకొన్నవారు మరియొకరు లేరని చెప్పక తప్పదు.

ఇక 2009. ఆ సంవత్సరము డిసెంబరులో కోపెన్‌హేగను సభ జరిగినది. సభాస్థలము ఐరోపా, అతిథేయులు ఐరోపావారు. ఇతరులు సమానమైన ప్రయత్నము చేసినచో తమ తగ్గింపును 20 నుండి 30 పాళ్లకు పెంచెదమని వారు ముందే ప్రకటించియుండిరి. కాని డిసెంబరు 18న అసలు ఒప్పుదల కుదిరిన గదిలో ఉన్నవారెవరు? అమెరికా అధ్యక్షుడు ఒబామా, చీనా ప్రధాని వెన్ జియాబావో, మన ప్రధాని మన్మోహన్ సింగు, బ్రెజిలు అధ్యక్షుడు లూలా, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జూమా. ఆంధ్రప్రదేశమునుండి రాజ్యసభకు ఎన్నికైన జైరాం రమేశ్ ఆనాడు మన పర్యావరణ మంత్రి. సమాఖ్యవారికి ఆ గదిలో పీట లేదు. ఇల్లు తమది, విందు తమది, విస్తరి మాత్రము లేదు.

ఎందుచేత నిట్లయినది? ఇంట గెలిచినంతమాత్రమున రచ్చ గెలువజాలమని అప్పుడు తెలిసినది. ఒకనాడు ప్రపంచపు పొగలో ఐరోపా వాటా పెద్దది. అది తగ్గినకొలది వారి మాట బరువును తగ్గినది. పెరుగుచున్న దేశములు తమలో తాము కూడి బలము తెచ్చుకొన్నవి. అమెరికా, చీనాలకు శాసనముకంటె స్వచ్ఛందవాగ్దానము ప్రియము. ఇట్టి సమయమున సమాఖ్య తన తగ్గింపును పెంచెదనని చెప్పుటతోనే సరిపుచ్చుకొన్నది. తనవెంట నడచు స్నేహితులను ముందుగా కూడగట్టలేదు. ఆరుమాసముల కొకసారి అధ్యక్షత మారు పద్ధతియు, ఇరువదియేడు దేశములు తమలో తాము తెల్లవార్లు తర్కించుకొని తీరా సభకు వచ్చునప్పటికి ఒక్క యక్షరమైన మార్చుకొనలేని దుస్థితియు దానికి తోడైనవి.

ఓటమినుండి నేర్చుకొనుటయందు మాత్రము వారు మందబుద్ధులు కారు. 2011లో డర్బను సభకు వారు వేరొక విధముగా వచ్చిరి. సముద్రము మ్రింగనున్న చిన్నదీవులను, మిక్కిలి బీదదేశములను తమవైపు చేర్చుకొనిరి. మీరు క్యోటో రెండవ విడతను నిలుపుడని ఆ దేశములు కోరగా, అందరికి వర్తించు క్రొత్త యొప్పందమునకు ఇతరులు సమ్మతించినచో అట్లే చేసెదమనిరి. డిసెంబరు 11 తెల్లవారుజామున, సభామధ్యమున అందరు చూచుచుండగా, సమాఖ్యపక్షమున కోనీ హెడెగార్డును, మన పక్షమున జయంతీ నటరాజనును నిలువుకాళ్లమీద మాటలు కూర్చిరి. ఆ క్రొత్త యొప్పందము శాసనబలము కలదిగా నుండవలెనన్న పదములు అప్పుడు కుదిరినవి. న్యాయస్థానములలో కాలము గడపినవారికి ఒక్క పదముకొరకు రాత్రియంతయు పోరాడుట వింతగా తోచదు. ఆ పదమే నాలుగేండ్లకు పారిసు ఒడంబడికకు పునాదియైనది.

ఈ నడుమనే వారొక తప్పటడుగు వేసిరి. ఐరోపాకు వచ్చిపోవు విమానములన్నియు, అవి ఏ దేశమువైనను, తమ సంతలో అనుమతిపత్రములు కొనవలెనని 2012 జనవరి 1 నుండి శాసించిరి. ఆ శాసనము చెల్లునని 2011 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానము తీర్పుచెప్పినది. కాని అమెరికా, చీనా, రష్యా, ఇండియా ఒక్కమాటమీద నిలిచినవి. మన ప్రభుత్వము మన విమానసంస్థలను దానికి లోబడవద్దనినది. 2012 నవంబరులో సమాఖ్య దూరదేశపు విమానముల విషయమున ఆ శాసనమును ఆపివేసినది. డిక్రీ చేతికి వచ్చినది గాని అమలు జరుగలేదు. అన్యదేశములను సంప్రదింపక, తమ శాసనమును వారి నెత్తిన పెట్టబోయినచో ఏమగునో ఆనాడే తెలియవలసినది.

2015లో పారిసు సభ సమాఖ్యకు మరల గౌరవము తెచ్చినది. 2030 నాటికి కనీసము నూటికి 40 పాళ్లు తగ్గించెదమని చెప్పి వారు సభకు వచ్చిరి. అంతకు ముందు సంవత్సరము నవంబరులోనే అమెరికా, చీనాలు తమలో తాము మాటలాడుకొని యుండెను గనుక, ఈ సారి పెత్తనము తమ యొక్కరిదే కాదని వారెరుగుదురు. మార్షలు దీవుల మంత్రి టోనీ డి బ్రమ్ సమకూర్చిన కూటమిలో వారొక సామాన్య సభ్యులుగా చేరిరి. ఆ చిన్నదీవుల మనుష్యుడు ముందు నడువగా సమాఖ్య వెనుక నడచినది. అందుచేతనే ఆ కూటమికి నూరు దేశములు వచ్చినవి. భూతాపమును 2 డిగ్రీలకు చాల లోపల, సాధ్యమైనచో ఒకటిన్నరకు ఆపవలెనన్న వాక్యము ఆ సభలో వచ్చినది. ముందు నడచుటయే నాయకత్వము కాదు, తగినవానిని ముందు నడువనిచ్చుటయు నాయకత్వమే యని పారిసులో వారు చూపిరి.

పిమ్మట 2019 డిసెంబరులో ఉర్జులా వాన్ డెర్ లయను తన హరిత కార్యక్రమమును ప్రకటించినది. 2050 నాటికి ఐరోపా వదలు పొగకును, పీల్చుకొను పొగకును సరిపోవలెననియు, 2030 నాటికి 55 పాళ్లు తగ్గింపవలెననియు 2021లో శాసనమే చేసిరి. రాజకీయవాగ్దానమును న్యాయస్థానములో నిలదీయదగిన శాసనముగా మార్చుట చిన్నపని కాదు. కాని 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తినది. రష్యానుండి వచ్చు వాయువు తగ్గిపోగా, సమాఖ్యవారు అధికధర లిచ్చి ప్రపంచమున దొరికిన వాయువునెల్ల కొనిరి. ఆ ధరలకు కొనలేక పాకిస్తాను, బంగ్లాదేశములు విద్యుత్తులేక బాధపడినవి. జర్మనీలో మూతవేసిన బొగ్గు విద్యుత్కేంద్రములు కొన్ని మరల తెరువబడినవి. బొగ్గు మానుమని మనకు చెప్పినవారే బొగ్గునెత్తుట బీదదేశములవారు చూచిరి. అది వారి మనస్సున నాటుకొన్నది.

2024లో రైతులు ట్రాక్టర్లతో ఐరోపా రాజధానుల వీథులెక్కిరి. ఆ జూనులో జరిగిన ఎన్నికలలో ఈ కార్యక్రమమును వ్యతిరేకించు పక్షములు బలపడినవి. 2025లో ఆ ఫలము కనబడినది. 2035 నాటి లక్ష్యమును సెప్టెంబరులోగా ఐక్యరాజ్యసమితికి సమర్పింపవలసి యుండగా, సమాఖ్య ఒక్కమాటకు రాలేక, 66 పాళ్ల చిల్లర మొదలు డెబ్బదిరెండున్నరవరకు అని ఒక యుద్దేశమును మాత్రము తెలిపినది. బెలెం సభకు అయిదు దినములముందు, నవంబరు 5న, పోలండు, హంగరీ మొదలగు దేశములు వ్యతిరేకింపగా, మంత్రులు 2040 నాటికి 90 పాళ్లను లక్ష్యమునకు వచ్చిరి. అందులో 5 పాళ్లవరకు ఇతర దేశములలో జరిగిన తగ్గింపును కొని తమ ఖాతాలో వ్రాసికొనవచ్చునట! ఈ లక్ష్యము ఇప్పటికిని ధనికదేశములలో మేలైనదే. కాని పెండ్లికి తరలుటకు ముందు వీథిలో తగవులాడుకొన్న బంధువులు, పందిటిలో పెద్దరికము చేయుట కష్టము.

వీనియన్నిటికంటె పెద్ద లోపము ధనవిషయమున కలదు. 2020 నాటికి ఏటేట 10 వేల కోట్ల డాలర్లు బీదదేశములకు చేర్చెదమని ధనికదేశములు 2009లో మాట యిచ్చినవి. వారి లెక్కల ప్రకారమే అది 2022 వరకు నెరవేరలేదు. భూతాపమువలన నష్టపోయినవారికి నిధి కావలెనని మూడు దశాబ్దములుగా దీవులవారడుగుచుండ, 2022లో షర్మ్ ఎల్ షేఖు సభలో ఫ్రాన్స్ టిమ్మర్‌మాన్సు పట్టు సడలించిన పిమ్మటనే దానికి దారి తెరువబడినది. 2024లో బాకు సభలో బీదదేశములు ఏటికి 1 లక్ష 30 వేల కోట్ల డాలర్లడుగగా, 2035 నాటికి 30 వేల కోట్లు అని తేల్చిరి. అధ్యక్షుని సుత్తి పడిన తరువాత మన ప్రతినిధి లేచి ఇది మాకు సమ్మతము కాదని చెప్పవలసివచ్చినది. ఐరోపావారు ఇతర ధనికులకంటె ఎక్కువ యిచ్చుచున్నారనుట వాస్తవమే. అయినను బెలెంలో వారు ఇంధనమునుగూర్చి గట్టిగా మాటలాడి, తుపానులనుండి రక్షించుకొనుటకు కావలసిన ధనమునుగూర్చి మెల్లగా మాటలాడిరి. ఆ ధనమును 2035 నాటికి మూడింతలు చేయవలెనన్న వాక్యమునకు తుదివరకు సంకోచించి పిమ్మట తలయూపిరి. ముందే యొప్పుకొనియున్నచో ఆఫ్రికాలోను, దీవులలోను వారికి స్నేహితులు మిగిలియుందురని మా తలంపు.

ఇక సరిహద్దు సుంకము. ఉక్కు, ఇనుము, సిమెంటు, అల్యూమినియము, ఎరువులు, ఉదజని, విద్యుత్తు అనువానిని ఐరోపాకు పంపువారు ఆ సరకు తయారగుటలో వెలువడిన పొగ లెక్కను చెప్పవలెనని 2023 అక్టోబరు 1 నుండి నిర్బంధించిరి; 2026 జనవరి 1 నుండి ఆ పొగకు వెల కట్టుచున్నారు. తమ కర్మాగారములు పొగకు వెల చెల్లించుచుండగా, చెల్లింపని దేశపు సరకు వచ్చి వానిని మూతవేయించుట న్యాయము కాదని వారి వాదము. ఈ వాదమున సారము లేదని మేమనము. కాని ఆకాశమును నింపిన పాతపొగ యెవరిది? ఎవరి శక్తికొలది వారు మోయవలెనని 1992 నాటి ఒడంబడికలో వ్రాసికొన్న సూత్రమేమైనది? 1997లో పోర్చుగలునకు ఎదుగుటకు చోటిచ్చిన న్యాయము ఇండియాకు, మొజాంబికునకు వర్తింపదా? పైగా ఆ రాబడిని సరకు పంపిన బీదదేశములకు తిరిగి ముట్టజెప్పవలెనను విధి ఆ శాసనమున లేదు. వాదియే న్యాయాధిపతియై, జరిమానా తానే విధించి, సొమ్ము తన పెట్టెలోనే వేసికొన్నచో దానిని న్యాయమని ప్రతివాది యెట్లొప్పుకొనును? బెలెంలో చీనా, ఇండియా, అరబ్బు దేశములు ఈ ఫిర్యాదునే ముందుకు తెచ్చినవి. ఇట్టి వాణిజ్యచర్యలపై చర్చలు జరుగవలెనని తీర్మానములో వ్రాయించినవి. ఆ విధముగా అభియోగము తెచ్చిన సమాఖ్యయే సభలో అభియోగములకు సమాధానము చెప్పుకొను స్థితికి వచ్చినది.

ఇది చూచి మనవారిలో కొందరు సంతోషించుచున్నారు. ఆ సంతోషమును మేము పంచుకొనలేము. అమెరికా 2025 జనవరి 20న పారిసు ఒడంబడికనుండి రెండవసారి తొలగుటకు ఆజ్ఞ వేసినది. బెలెంకు ప్రతినిధివర్గమునే పంపలేదు. చీనా సూర్యఫలకములను, విద్యుద్వాహనములను చౌకగా తయారుచేసి లోకమునకు గొప్ప మేలు చేయుచున్నది గాని, నాయకత్వపు భారమును, ముఖ్యముగా ధనభారమును, నెత్తికెత్తుకొనుటకు ఇష్టపడుట లేదు. ఇట్టి సమయమున ఐరోపాయు తట్ట క్రింద పెట్టినచో కట్ట తెగునప్పుడు మునుగువారు బ్రస్సెల్సువారు కారు. ఐరోపా తప్పు మన పొగకు సాకు కాజాలదు. పెద్దరైతు తట్ట విడిచెనని చిన్నరైతు గట్టునకు గండి కొట్టుకొనునా?

కావున మన ప్రభుత్వమునకు ఒక్క మనవి. సరిహద్దు సుంకమును నిందించుటతో ఆగరాదు. సరకు తయారైన దేశమునందే పొగకు వెల చెల్లించియున్నచో, ఆ మేరకు తగ్గించెదమని ఆ శాసనమే చెప్పుచున్నది. పొగ అనుమతుల సంతకు 2023లో మనమును నియమములు ప్రకటించితిమి. దానిని నిజముగ నడపినచో, బ్రస్సెల్సు పెట్టెలో పడవలసిన సొమ్ము మన పెట్టెలోనే పడును. ఆ సొమ్ముతో మన కొలుములను బాగుచేసికొనవచ్చును, మన తీరమును కాపాడుకొనవచ్చును. చిన్న కర్మాగారములవాడు పొగలెక్క వ్రాయలేక సంత పోగొట్టుకొనకుండ వానికి లెక్క నేర్పు భారమును ప్రభుత్వమే వహింపవలెను. దీవులతోను, ఆఫ్రికాతోను మన స్నేహము నోటిమాటగా గాక, వారి రక్షణధనమునకు మనమును మన శక్తికొలది తోడ్పడుటలో కనబడవలెను.

ఐరోపావారికిని మా మాట యొక్కటే. వారి ముప్పదియేండ్ల చరిత్రయే వారికి చాలిన గురువు. ఇంట చేసి చూపినప్పుడు, బీదవాని చేయిపట్టుకొన్నప్పుడు, 2005లోను 2011లోను 2015లోను, లోకము వారి మాట వినినది. ఇంట తగవులాడి బయట నీతులు చెప్పినప్పుడు, అన్యులను సంప్రదింపక శాసించినప్పుడు, 2009లోను 2012లోను 2025లోను, వారు ఒంటరివారైరి. ఈ రోజున ప్రపంచపు పొగలో వారి వాటా నూటికి 6 పాళ్లు మాత్రమే. ఇంత చిన్న వాటాగలవారు బెదిరించి నడపజాలరు, నమ్మించి నడపవలెను. సరిహద్దు సుంకపు రాబడిని, అది ఎవరి సరకుమీద వచ్చినదో ఆ బీదదేశములకే పొగలేని కొలుములకొరకు తిరిగి యిచ్చెదమని శాసనములో వ్రాసినచో, ఆ నమ్మకము తిరిగి రావచ్చును. ఇతర దేశములనుండి కొనదలచిన ఆ 5 పాళ్లను తమ యింటనే తగ్గించినచో అది మరింత గట్టిపడును.

ఒడంబడికలు కాగితములు. వానికి ప్రాణము పోయునది సంతకము చేసినవాని నడవడి. తట్ట మరల ఎత్తుకొనుటకు ఐరోపావారి కింకను కాలము మించలేదు. దాని రెండవవైపు పట్టుటకు మనము సిద్ధముగానుండుట మన ధర్మము. కట్ట అందరిది.